పిల్లలతో ఒక పూట షికారు



టీకాల రోజున మా వరండాలో కూర్చున్న తల్లులు చెప్పే మాటల్లో ఒకటి ఈ మధ్య మరీ ఎక్కువగా వినబడుతోంది. "ఫోను చేతిలో పెడితేగానీ గుంటడు ముద్ద మింగడం లేదు సిస్టరమ్మా" అని. "ఆదివారం పూటయినా బయట తిప్పుతున్నారా?" అని మేము అడిగితే, "ఎక్కడికెల్తామమ్మా? ఇశాపట్నం ఎల్లి రావాలంటే ఎంత లేదన్నా వెయ్యి రూపాయలు" అని జవాబు. ఆ తల్లిని తప్పు పట్టలేము. షికారు అంటే విశాఖపట్నం, జూ పార్కు, బీచి, హోటల్లో బిర్యానీ అని మనందరికీ అలవాటైపోయింది. కానీ అయిదేళ్ళలోపు పిల్లకు ఇవేమీ అక్కర్లేదు. ఆ పిల్లకు కావలసింది రెండు గంటల సమయం, పరుగెత్తడానికి కాస్త జాగా, పక్కన ఫోను చూడని ఒక పెద్ద మనిషి.

ఈ సంచికలో మన పాఠం ఆ షికారు గురించే. రోలుగుంట చుట్టుపక్కల చిన్న పిల్లలతో ఎక్కడికి వెళ్ళవచ్చు, వెళ్ళినప్పుడు ఏ జాగ్రత్త కావాలి అనే రెండు సంగతులూ కలిపే చెబుతాము. ఎందుకంటే సెలవు రోజుల సాయంత్రం మా క్యాజువాలిటీకి వచ్చే పిల్లల్లో కొందరు షికారు నుంచి నేరుగా వస్తారు.

ఎందుకు తిప్పాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల ఆట గురించి, నిద్ర గురించి కొన్ని సూచనలు ఇచ్చింది. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు, అంటే మూడు గంటలు, కదులుతూ ఉండాలి. మూడు, నాలుగేళ్ళ వాళ్ళయితే అందులో ఒక గంట బాగా ఆయాసం వచ్చేలా ఆడాలి. రెండేళ్ళు నిండే వరకు టీవీ, ఫోను వద్దని, ఆ తరువాత నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించరాదని కూడా అందులో ఉంది. మూడు గంటలు అనగానే భయపడకండి. ఒకేసారి కాదు. పాకడం, మెట్లెక్కడం, కోడిపిల్ల వెంట పడటం, అన్నీ లెక్కలోకే వస్తాయి.

బయట వెలుతురులో ఎక్కువసేపు ఆడే పిల్లలకు, దూరపు వస్తువులు మసకగా కనబడే చూపు లోపం తక్కువగా వస్తుందని పరిశోధకులు చెబుతున్నారు. నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లకు వినబడే మాటలు కూడా తక్కువే. గట్టు మీద నడిచే పిల్లకు ప్రతి పది అడుగులకూ ఒక కొత్త మాట కావాలి. "అదేటి?" అని అడుగుతుంది. మీరు చెబుతారు. మాటలు ఆలస్యంగా వస్తున్నాయని మా దగ్గరకు తెచ్చే పిల్లల విషయంలో, చెవి పరీక్ష అయ్యాక మేము మొదట అడిగేది కూడా ఇదే: రోజుకు ఎంతసేపు ఎవరు ఈ పిల్లతో మాట్లాడుతున్నారు?

ఊరు దాటకుండానే

మన ఊరి పేరులోనే రోలుంది. ఈ కాలం పిల్లల్లో ఎంతమందికి రోలు తెలుసు? మామ్మ పెరట్లో రోలు ఉంటే అదే మొదటి షికారు అనుకోండి. నాలుగు నానబెట్టిన బియ్యపు గింజలు వేసి, రోకలి మీద తన చెయ్యి, మామ్మ చెయ్యి కలిపి పట్టుకుని దంచనివ్వండి. వామన గుంటలు, గచ్చకాయలు, తొక్కుడుబిళ్ళ కూడా మామ్మలే నేర్పగలరు. మూడేళ్ళలోపు పిల్లల ముందు మాత్రం గచ్చకాయలు, గోలీలు, చింతపిక్కలు వదిలి వెళ్ళవద్దు. చేతికి అందింది నోట్లోకే పోతుంది.

సాయంత్రం నాలుగున్నర దాటాక చెరువు గట్టు మంచి చోటు. కొంగలు, నీటికోళ్ళు, లకుముకి పిట్ట, నీళ్ళలో మునిగి కళ్ళు మాత్రం పైకి పెట్టిన గేదెలు. వీటి ముందు ఏ ఫోనూ నిలవదు. నడక మాత్రం పిల్ల నడకే కావాలి. చీమల బారు దగ్గర పది నిమిషాలు నిలబడిపోతే నిలబడనివ్వండి. నాన్నలకు ఇది కొంచెం కష్టం. "పద పద" అని చెయ్యి పట్టి లాగుతారు. ఎక్కడికో చేరడం కోసం కాదు కదా మనం బయలుదేరింది.

వారం సంత కూడా ఒక బడే. నాలుగేళ్ళ పిల్లకు అయిదు రూపాయలు చేతికిచ్చి, "వంకాయలమ్మే మామ్మను అడిగి నువ్వే కొను" అనండి. లెక్కలు, మర్యాద, కూరగాయల పేర్లు మూడూ ఒకేసారి వస్తాయి. తను కొన్న వంకాయ కూర తినే పిల్లలను మేము చాలామందిని ఎరుగుదుము.

జీడిమామిడి తోటల్లోకి

నర్సీపట్నం, రోలుగుంట ప్రాంతం జీడిమామిడి తోటలకు పేరు. మార్చి నుంచి మే వరకు పండ్ల కాలం. చెట్లు పొట్టిగా, కొమ్మలు నేలను తాకుతూ ఉంటాయి కాబట్టి చిన్న పిల్లలు ఎక్కడానికి కూడా వీలు. బంధువుల తోట ఉంటే ఉదయం ఎనిమిది లోపు వెళ్ళి, ఎండ ముదరక ముందే వచ్చేయండి. ఎర్ర పండు, పసుపు పండు ఏరించండి, ఆకులతో బూరలు చేయించండి.

ఇక్కడ ఒక్క మాట. పచ్చి జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్కను పంటితో కొరికిన పిల్లల పెదవులు, బుగ్గలు కాలిన గాయంలా పొక్కిపోతాయి. పెద్ద పిల్లలు సరదాగా పిక్కలను మంటలో వేసి కాలుస్తుంటారు. అప్పుడు ఆ నూనె చిమ్ముతుంది, ఆ పొగ కూడా కళ్ళకు, గొంతుకు మంచిది కాదు. చిన్నవాళ్ళను ఆ దరిదాపులకు రానివ్వకండి. నూనె అంటితే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో కడగాలి. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా నీళ్ళు ధారగా పోస్తూ ఆసుపత్రికి తీసుకురావాలి. పసుపు, సున్నం, టూత్‌పేస్టు ఏదీ పూయవద్దు.

బెల్లం, బొమ్మలు

సంక్రాంతి ముందూ వెనకా అనకాపల్లి, చోడవరం వైపు చెరకు ఊళ్ళలో బెల్లం వండుతుంటారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్ద వాటిలో ఒకటి. అయినా మన పిల్లలకు బెల్లం కిరాణా కొట్లో పుడుతుందని అనిపిస్తుంది. చెరకు గడ గానుగలోకి పోవడం, రసం పెనంలోకి రావడం, పాకం చిక్కబడి రంగు మారడం ఒకసారి చూపించండి. రైతును ముందుగా అడిగి వెళ్ళండి, పని వేళ కదా. ఆకు మీద వేసి ఇచ్చే వేడి బెల్లం ముద్ద రుచి పెద్దలకూ మరపు రాదు.

పెనం దగ్గర పిల్లను నేల మీద దింపకండి. చంకన ఎత్తుకునే చూపించండి. మరిగే పాకం నీళ్ళలా జారిపోదు, చర్మానికి అంటుకుని ఇంకా కాలుస్తుంది. గానుగ చక్రాల దగ్గరా అంతే. కాలితే ముందు మామూలు చల్లటి నీళ్ళు, పారే నీళ్ళయితే మరీ మంచిది, 20 నిమిషాల పాటు పోయాలి. ఐసు వద్దు, ఇంకు వద్దు. తరువాత శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

మేము అందరికంటే ఎక్కువగా చెప్పే చోటు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున, యలమంచిలికి దగ్గరలో ఉంది ఆ ఊరు. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కి, తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. పిల్లల కళ్ళ ముందే కర్రముక్క బొంగరమైపోతుంది. పసుపు, నీలి, సిందూరి గింజల వంటి చెట్ల రంగులు అక్కడ వాడకంలోకి తేవడంలో సి.వి. రాజు గారు చేసిన కృషి గొప్పది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో నడిచిన మన రాష్ట్ర శకటం మీద ఉన్నవి కూడా ఆ బొమ్మలే.

నర్సులము మాకెందుకు ఈ బొమ్మల గొడవ అంటారా? పసిబిడ్డ బొమ్మతో ఆడేది చేత్తో కంటే నోటితో ఎక్కువ. చవక రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం ఇంత వరకు ఒంట్లోకి పోతే ఫరవాలేదు అనే హద్దేదీ లేదని వైద్య శాస్త్రం చెబుతోంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. అందుకని జాతరలో కొనే మెరిసే ప్లాస్టిక్కు బొమ్మ కంటే, చెట్ల రంగు వేసిన ఒక్క కర్ర గిలక్కాయ మేలు. కొనేటప్పుడు ఏ రంగు వాడారో అడగండి. లక్కపిడతల సెట్టు మాత్రం చిన్న చిన్న ముక్కలు కాబట్టి మూడేళ్ళు దాటిన వాళ్ళకే ఇవ్వండి.

శంకరం కొండలు

అనకాపల్లి పట్టణానికి ఆనుకుని శంకరం అనే ఊరుంది. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ అని రెండు కొండలు. దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందట బౌద్ధ సన్యాసులు రాతిని తొలిచి గుహలు చేసుకుని ఉన్నారు. సంఘారామం అన్న మాటే శంకరం అయిందని చెబుతారు. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే ఆయన అక్కడ తవ్వకాలు జరిపించాడు. ఒకప్పుడు కనుమ రోజున జనం వెళ్ళి అక్కడి కట్టడాన్ని రాక్షసుడి బొజ్జ అనుకుని రాళ్ళు రువ్వేవారు. తెలిసినవాళ్ళు నచ్చజెప్పి మాన్పించారు. ఈ కథ అయిదేళ్ళ పిల్లలకు చెబితే నోరు తెరుచుకుని వింటారు.

మెట్లున్నాయి కాబట్టి మూడేళ్ళ పిల్ల సగం ఎక్కగలదు, మిగతా సగం నాన్న భుజం మీద. పైన అంచుల దగ్గర చెయ్యి వదలవద్దు. రాళ్ళ సందుల్లో, గుహ మూలల్లో చేతులు పెట్టనివ్వవద్దు. పొద్దున్నే వెళ్ళడం మంచిది, మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది.

నీళ్ళ దగ్గర

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. మన ప్రాంతంలో షికారు అంటే ఎక్కువగా నీళ్ళే. రావికమతం వైపు కళ్యాణపులోవ, నాతవరం వైపు తాండవ, చీడికాడ వైపు కోనాం రిజర్వాయర్లు. ఇంకా దూరం వెళ్ళగలిగితే రేవుపోలవరం, పూడిమడక, ముత్యాలమ్మపాలెం తీరాలు. వనభోజనాలైనా, సండే స్కూలు పిక్నిక్కులైనా చివరికి నీళ్ళ ఒడ్డునే తేలతాయి. అచ్యుతాపురం, మునగపాక మధ్యనున్న కొండకర్ల ఆవ చలికాలంలో ఎంతో బాగుంటుంది. వలస పక్షులు వస్తాయి, తామరలు ఉంటాయి. రెండు తాటి మానులను తొలిచి జతగా కట్టిన దోనెలు అక్కడి ప్రత్యేకత. ఆ దోనె ఎక్కాలని ప్రతి పిల్లకూ ఉంటుంది. పిల్ల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉంటేనే ఎక్కించండి. లేకపోతే ఒడ్డు నుంచి చూపించండి. "ఏమీ కాదులే" అని ఎవరు చెప్పినా వినకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో నీట మునిగి చనిపోయేవారి గురించి ఒక నివేదిక ఇచ్చింది. 2021 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది అలా పోయారు. వారిలో సుమారు నాలుగో వంతు అయిదేళ్ళ లోపు పిల్లలు. ఈతకు దిగే కుర్రాళ్ళ సంగతి వేరు. 2022 జూలైలో పూడిమడక తీరంలో ఇంజనీరింగ్ విద్యార్థులను కెరటాలు లాక్కుపోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. చిన్న పిల్లలకు మాత్రం సముద్రం అక్కర్లేదు. పంపుసెట్టు తొట్టి, పిట్టగోడ లేని నుయ్యి, సగం నిండిన బకెట్టు చాలు.

సినిమాల్లో మునిగేవాళ్ళు చేతులు ఎత్తి "కాపాడండి" అని అరుస్తారు. చిన్న పిల్ల అరవదు. ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలదు, ఇక కేక ఎక్కడిది? చప్పుడు లేకుండా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. పదిమంది పెద్దలు పక్కనే ఉండగా ఇలా జరగడానికి కారణం కూడా ఉంది. అందరూ ఉన్నారు కాబట్టి ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అమ్మ అన్నం వడ్డిస్తుంది, నాన్న పొయ్యి రాజేస్తాడు, బాబాయి ఫోటోలు తీస్తాడు.

కాబట్టి నీళ్ళ దగ్గరకు వెళ్ళే ప్రతి కుటుంబమూ ఒక కాపలా మనిషిని పేరు పెట్టి నియమించుకోవాలి. అరగంట సేపు ఆ మనిషికి వంట లేదు, ఫోను లేదు, పేక లేదు. పిల్లలను చూడటమే పని. చెయ్యి చాపితే పిల్ల అందేటంత దగ్గరలో నిలబడాలి. అరగంట అయ్యాక, "ఇప్పుడు నీ వంతు బావా" అని నోటితో చెప్పి అప్పగించాలి. ఎనిమిదేళ్ళ అక్కకు తమ్ముడిని అప్పగించడం కాపలా కాదు. ఆ పిల్ల తమ్ముడి కోసం దూకి తనూ మునుగుతుంది. మందు తాగిన మనిషి కాపలాకు పనికిరాడు. ఈ మాట కొందరికి కోపం తెప్పించినా మేము రాయక తప్పదు.

రిజర్వాయరు ఒడ్డున బురద జారుడు, రెండడుగుల తరువాత ఒక్కసారిగా లోతు ఉండవచ్చు. తూము, గేట్ల దిగువన ఆడనివ్వవద్దు. ఎప్పుడు నీళ్ళు వదులుతారో మనకు తెలియదు. సముద్రం దగ్గర చిన్న పిల్లలకు ఇసుక చాలు. గూళ్ళు కట్టుకుంటారు, గవ్వలు ఏరుకుంటారు. చీలమండ తడిస్తే చాలు, మోకాలు వద్దు.

ఒకవేళ పిల్ల నీట మునిగితే, బయటకు తీసిన వెంటనే చేయవలసింది చదివి గుర్తు పెట్టుకోండి. తలకిందులుగా పట్టుకుని తిప్పవద్దు. పొట్ట నొక్కవద్దు. ఊళ్ళో పెద్దలు ఎవరు చెప్పినా సరే. ఆ నీళ్ళు కక్కించే లోపల పిల్లకు ఊపిరి అందక ప్రాణం పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి తీస్తోందా లేదా చూడండి. తీయకపోతే తల కొంచెం వెనక్కు వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి అయిదుసార్లు ఊదండి. పసిబిడ్డ అయితే ముక్కు, నోరు రెండూ మీ నోటిలో పట్టాలి. ఊదినప్పుడు ఛాతీ లేవాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్య ఎముక మీద ఒక అరచేతి మడమతో, పసిబిడ్డకయితే రెండు వేళ్ళతో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా 30 సార్లు నొక్కి, మళ్ళీ రెండుసార్లు ఊదాలి. నొక్కే వేగం నిమిషానికి 100 నుంచి 120. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి వచ్చేదాకా లేక అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. పిల్ల తేరుకుని ఏడ్చినా సరే ఆసుపత్రికి తీసుకురండి, ఊపిరితిత్తుల్లో చేరిన నీటితో కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు. ఇది నేర్చుకోవాలనుకునే తండ్రులకు బొమ్మ మీద చేసి చూపించడానికి మేము ఎప్పుడూ సిద్ధమే. తల్లులు అడుగుతున్నారు, తండ్రులే రావడం లేదు.

ఘాట్ ఎక్కితే

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి వెళ్ళనివారిని ఈ రోజుల్లో జాలిగా చూస్తున్నారు. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, చలి గట్టిదే. మా అభిప్రాయం మాత్రం వేరు. మంచు చూడటానికి రాత్రి మూడు గంటలకు పసిపిల్లను లేపి, చీకటిలో, పొగమంచులో ఘాట్ రోడ్డు మీద తీసుకెళ్ళడం పిల్ల కోసం కాదు, పెద్దల ఫోటోల కోసం. పొద్దెక్కాక బయలుదేరండి. మంచు తగ్గినా చలి ఉంటుంది, స్ట్రాబెర్రీ తోటలు ఉంటాయి, అంతకు ముందు నెలల్లో అయితే వలిసె పూలు ఉంటాయి. ఒక మందపాటి స్వెట్టరు కంటే రెండు మూడు పలచని చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడగడం మేలు, టోపీ మరవవద్దు. రెండేళ్ళు దాటిన పిల్లలకు మలుపుల్లో వాంతులు మామూలే. బయలుదేరే ముందు ఇడ్లీ లాంటి తేలిక తిండి, కిటికీలో నుంచి దూరంగా చూడటం, మధ్యలో బండి ఆపి గాలి పీల్చుకోవడం చాలు. దారిలో ఫోను చూపిస్తే వాంతులు ఇంకా ఎక్కువవుతాయి.

కొండ ఎక్కనివాళ్ళకు గొలుగొండ మండలంలో కృష్ణదేవిపేట ఉంది. 1924 మే 7న చనిపోయిన అల్లూరి సీతారామరాజు గారి సమాధి అక్కడే. పిల్లలకు పరుగెత్తే జాగా, తాతయ్యలకు చెప్పడానికి కథ రెండూ ఉన్నాయి.

విశాఖపట్నం జూ గురించి ఒక్క ముక్క. 1977లో తెరిచిన ఆ పార్కు చాలా పెద్దది, చిన్న కాళ్ళు ఒక్క రోజులో మొత్తం తిరగలేవు. ఏనుగు, జిరాఫీ, కోతులు చూపించి ఇంటికి తెచ్చేయండి. సోమవారం సెలవు. బీచి దగ్గర కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. దారులు ఇరుకు, అయిదేళ్ళు దాటాకే బాగుంటుంది.

ప్రయాణం, సంచి

మన ఊళ్ళల్లో నాన్న, ట్యాంకు మీద పెద్దవాడు, వెనక అమ్మ, ఆమె ఒడిలో చంటిది, ఇలా నలుగురు ఒకే బండి మీద కనబడతారు. 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం నాలుగేళ్ళలోపు పిల్లను మోటారు సైకిలు మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన పిల్లకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సు వెళ్ళే చోటుకు బస్సులోనే వెళ్ళండి. కిటికీ పక్క సీటే పిల్లకు సగం షికారు.

సంచిలో కాచి చల్లార్చిన నీళ్ళు, సబ్బు, ఒక జత బట్టలు, టోపీ, శుభ్రమైన గుడ్డ ముక్కలు, రెండు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు పెట్టుకోండి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లి పాలు తప్ప నీళ్ళు కూడా వద్దు, ఎండాకాలమైనా సరే. తిండికి పులిహోర, ఉడికించిన గుడ్లు, చోడి పిండితో చేసిన రొట్టె, అరటి పండ్లు బాగుంటాయి. వేసవిలో తాటి ముంజలు, చలికాలంలో తేగలు ఏ ప్యాకెట్టు తిండికీ తీసిపోవు. వేరుశెనగ గుళ్ళు, జీడిపప్పు అయిదేళ్ళ లోపు వాళ్ళకు గుండగా కొట్టి పెట్టాలి. పరుగెత్తుతూ తింటే గొంతులో అడ్డుపడతాయి. అడ్డుపడి పిల్ల దగ్గలేకపోతే, ముందుకు వంచి రెండు రెక్కల మధ్య వీపు మీద అరచేతి మడమతో అయిదు గట్టి దెబ్బలు కొట్టండి. ఏడాది దాటిన పిల్లకయితే తరువాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కండి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మధ్య రెండు వేళ్ళతో నొక్కాలి.

ఓ.ఆర్.ఎస్. గురించి ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం ఒక లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. కొట్లలో అట్టపెట్టెల్లో ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించి అమ్మిన తియ్యటి పానీయాలు అది కాదు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, ఆ ఫార్ములా లేని పానీయాల పేరులో ఓ.ఆర్.ఎస్. అనే మాట వాడరాదని ఆదేశించింది. మీరు కొనేటప్పుడు మందుల షాపులో పొడి ప్యాకెట్టు అడగండి. లీటరు ప్యాకెట్టును పూర్తిగా లీటరు నీటిలోనే కలపండి, సగం సగం చేయవద్దు.

ఇంట్లో ఉండిపోయే పిల్లలు

కాళ్ళు చచ్చుబడిన పిల్ల, మూర్ఛ ఉన్న పిల్లవాడు, మాట రాని పిల్ల ఉన్న ఇళ్ళలో అందరూ షికారుకు వెళ్ళి ఆ ఒక్కరినీ మామ్మ దగ్గర వదిలేస్తారు. కొందరు నలుగురి చూపులకు జంకుతారు, కొందరు కష్టమని. ఆ పిల్లకూ గాలి, వెలుతురు, కొంగలు, బెల్లం వాసన కావాలి. వెదురు బుట్టలోనో, వీపున కట్టుకునో, చక్రాల కుర్చీలోనో చెరువు గట్టు దాకా తీసుకెళ్ళండి. మూర్ఛ మందు వేళ తప్పించకండి, నీళ్ళకు దూరంగా కూర్చోబెట్టండి. ఎలా ఎత్తుకోవాలో, ఎలా కూర్చోబెట్టాలో తెలియకపోతే మా వార్డుకు వచ్చి అడగండి, చూపిస్తాము. ఎవరైనా వింతగా చూస్తే పిల్ల పేరు చెప్పి పరిచయం చేయండి. చాలామంది ఆ తరువాత పలకరిస్తారు.

తిరిగి వచ్చాక

ఇంటికి రాగానే స్నానం చేయించి, ఒళ్ళంతా ఒకసారి చూడండి. చంకలు, గజ్జలు, చెవుల వెనక, బొడ్డు చుట్టూ. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టిన చోట కొన్నాళ్ళకు సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి తల్లి గమనించదు. ఏజెన్సీకి వెళ్ళి వచ్చిన పిల్లలకు మలేరియా భయం కూడా ఉంది. సాయంత్రం పూట అక్కడ ఉండవలసి వస్తే నిండు చేతుల చొక్కాలు, దోమతెర తప్పనిసరి. మలేరియా జ్వరం మరునాడే రాదు. సాధారణంగా వారం దాటాక, ఒక్కోసారి నెలల తరువాత కూడా వస్తుంది. అప్పటికి షికారు సంగతి అందరూ మరచిపోయి ఉంటారు. పిల్లకు జ్వరం వస్తే ఓ.పి. చీటీ రాయించుకునేటప్పుడే "ఫలానా రోజున లంబసింగి వెళ్ళాము", "గడ్డిలో పడుకున్నాడు" అని చెప్పండి. ఏ రక్త పరీక్ష ముందు చేయించాలో డాక్టరు గారికి దాన్ని బట్టే తెలుస్తుంది.